గాబ్రియేలు సముద్రానికి మోటారు

ఏడు వందల అడుగుల బోర్లలోంచి నీళ్లు పైకి తెచ్చిన చేతులు నావి. పులివెందుల వైపు పచ్చగా కనిపించే చీనీ తోటల్లో సగానికి మోటారు దించింది నేనే. అట్లాంటి నన్ను మొన్న మే నెలలో నాలుగడుగుల ఎత్తుకు నీళ్లెక్కించడానికి పిలిచారు. అదీ తాగడానికి, మడికి, దేనికీ పనికిరాని ఉప్పునీళ్లు. ఇంకెవరైనా పిలిచి ఉంటే ఫోన్లోనే నాలుగు మాటలు అని పెట్టేసేవాణ్ని. పిలిచింది గాబ్రియేలు భార్య క్రిస్టినా.

“సుంకన్నా, అద్దాలపెట్టె మోటారు కాలిపాయ. ఈయప్ప లేచి చూస్తానంటాండాడు. నువ్వు రాకుంటే నిజంగానే లేస్తాడు” అంది.

గాబ్రియేలు లేవకూడదు. రెండు రోజుల కిందటే తిరుపతిలో అతని కుడికంటికి ఆపరేషను జరిగింది. కంటి వెనక పొర ఊడిందట. దాన్ని మళ్లీ అంటించి, జారిపోకుండా లోపల గాలిబుడగ ఒకటి పెట్టారు. ఆ బుడగ పొరను ఒత్తిపట్టి ఉంచాలంటే మనిషి ఇంకా పది రోజులు బోర్లా పడుకోవాలి. తిండికి, దొడ్డికి లేచినా తల వంచుకునే ఉండాలి. ఎడమ కన్ను నీటికాసులతో ఎప్పుడో పోయింది. మిగిలిందల్లా ఈ కన్నే, ఇది కూడా పోతే ఇంక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పి పంపాడు.

ఏడురోడ్ల దగ్గర నా షాపు మూసి ఎర్రముక్కపల్లెకు ఆటో ఎక్కాను. నిజం చెప్పాలంటే నాకు భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది. కడపలో ఎండాకాలం బిందె నీళ్లకు కొట్టుకు చస్తుంటే, ఈ పెద్దమనిషి ముందుగదిలో నాలుగు వందల లీటర్ల సముద్రం పెట్టుకున్నాడు. దానికొక మోటారు, దానికొక రోగం.

మా ఇద్దరికీ గురువు దాసన్న మేస్త్రి. నేను ఆదోని వైపు పల్లె నుంచి పదిహేడేళ్లకు వచ్చి ఆయన దగ్గర చేరితే, గాబ్రియేలు అప్పటికే ఆరు నెలల సీనియరు. ఒకే సైకిలు. వెనక నేను గొలుసుకప్పీ ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే అతను తొక్కేవాడు. అప్పట్లో ఇన్ని బోర్లు లేవు, బావులు. బావిలో మెట్టు మీద ఇంజను, కింద నీళ్లలో ఫుట్‌వాల్వు. అది కారితే పైపులో నీళ్లు దిగిపోయి ఇంజను గాలి మింగేది. పేడ కలిపిన నీళ్లు పోసి సందులు మూసి, మళ్లీ నీళ్లు నింపి, హ్యాండిలు తిప్పి తిప్పి చేతులు పడిపోయేవి. పైపులోకి ఎక్కిన నీటిని వెనక్కి పోనిచ్చినవాడు మెకానిక్కే కాదని దాసన్న మేస్త్రి అనేవాడు. అనడమే కాదు, స్పానరుతో మోకాలి మీద ఒకటి ఇచ్చేవాడు. ఆ దెబ్బ గాబ్రియేలుకు రెండుసార్లు, నాకు ఏడెనిమిదిసార్లు తగిలింది.

తర్వాత గాబ్రియేలుకు అండమాన్లో, పోర్ట్ బ్లెయిరు హార్బరు పంపుహౌసులో ఉద్యోగం వచ్చింది. ఇరవై రెండేళ్లు అక్కడే ఉన్నాడు. ఉత్తరాలు రాసేవాడు. ఈడ నీళ్ల కోసం ఎవరూ ఏడవరు సుంకా, నీళ్లలోపల ఒక ఊరుండాది, గాజుముక్క మొఖానికి పెట్టుకొని చూస్తే రాళ్లు పూలు పూసింటాయి అని రాసేవాడు. నేను కర్నూలు, కడప పల్లెల్లో ఎండిన బోర్లలోంచి మోటార్లు బయటికి లాగుతూ ఆ ఉత్తరాలు చదివేవాణ్ని. ఒకటికి రెండుసార్లు చదివేవాణ్ని. రిటైరై వచ్చినవాళ్లు మేడ కడతారు, చీటీలు వేస్తారు. ఇతను సముద్రం కట్టాడు.

నేను పోయేసరికి నవారు మంచం మీద బోర్లా ఉన్నాడు. ఆస్పత్రికి పోకముందే తలవైపు నవారు పట్టీలను రెండు పక్కలకూ జరిపి, మొఖం పట్టేంత సందు చేసి, చుట్టూ పాత తువ్వాలు కుట్టించుకున్నాడు. అందులోంచి మొఖం నేలవైపు వేలాడుతోంది. అతనితో మాట్లాడాలంటే మంచం పక్కన బండల మీద చతికిలబడి మెడ వంచాలి.

“వచ్చినావా సుంకా. ఎడమ చెప్పు తెగిండాది నీది, చప్పుడు తెలుస్తాంది” అన్నాడు.

“కంట్లో బెజ్జం వేసినోళ్లు నోటికి నాలుగు కుట్లు వేసింటే బాగుండు” అన్నాను.

నవ్వబోయి, తల కదులుతుందని ఆపుకున్నాడు. అది చూసి నా కోపం సగం దిగిపోయింది.

“పెట్టెలో గొడుగు ఎట్లుండాది, అది చెప్పు ముందు.”

పోయి చూశాను. గొడుగు అని అతను పేరు పెట్టుకున్నది ఒక పగడపు ప్రాణి. చూస్తే పెద్ద పుట్టగొడుగులా ఉంటుంది, లేత గోధుమరంగు, పైన వందలకొద్దీ సన్నటి వేళ్లు నీళ్లలో ఊగుతుంటాయి. పదకొండేళ్ల కిందట చెన్నైలో ఒక షాపువాడు తన తొట్టిలోనే పెంచిన దానిలోంచి బొటనవేలంత తుంట కోసి బిల్లుతో సహా ఇచ్చాడు. ఇప్పుడది అన్నం తట్టంత అయింది. ఎర్రగా, తెల్ల చారలతో ఉండే చేప ఒకటి ఆ వేళ్ల మధ్యే కాపురం ఉంటుంది. అద్దాలకు అతుక్కొని పది పన్నెండు నత్తలు పాచి నాకుతుంటాయి.

“వేళ్లన్నీ బయటే ఉండాయి. చేప అందులోనే దూరిండాది” అని చెప్పాను.

అతను ఊపిరి వదిలాడు. “పదో పొద్దు తల ఎత్తుతా కదా, మొదట దాన్నే చూడల్ల. ఇంకేదీ వద్దు. అది కనపడిందంటే కన్ను వచ్చినట్లే, లేదంటే లేదు. అంతవరకూ బతికించి పెట్టు సుంకా. ఇంకెవురినీ అడగలేను.”

ఆ మాట విన్న తర్వాత నాలుగడుగులా, ఏడు వందల అడుగులా అనే లెక్క నాలో పోయింది.

పెట్టె కింద చెక్క అరలో ఇంకో చిన్న తొట్టి ఉంది. పైన పెట్టెలో పొర్లిన నీళ్లు గొట్టంలోంచి దానిలోకి దిగి, వడపోతలో శుభ్రపడతాయి. మోటారు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. ఆ తిరుగుడే దానికి ప్రాణం. మోటారు కాలి తిరుగుడు ఆగిపోయింది, క్రిస్టినా బ్యాటరీ బుడగల మిషను పెట్టి నెట్టుకొస్తోంది. అది ఒక రోజుకో, రెండు రోజులకో.

“నా దగ్గర అర హెచ్‌పీ మోనోబ్లాకు ఉండాది, సాయంత్రంలోపల బిగిస్తా” అన్నాను.

“చేపను గోడకేసి కొడ్తావా? పైగా పోత ఇనుముది. ఉప్పునీళ్లలో వారానికి తుప్పు.”

“మరి?”

మంచం కింద కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఎంత ఎత్తుకు తోస్తుందని కాదట, గంటకు ఎన్నిసార్లు పెట్టె నీళ్లన్నీ తిరుగుతాయని చూడాలట. నాలుగు వందల లీటర్ల పెట్టెకు గంటకు రెండు వేల లీటర్లు పైకి చేరితే చాలు. డబ్బా మీద మూడు వేలని రాసిన మోటారు తీసుకుంటే ఎత్తుకూ వంపులకూ పోగా ఆ రెండు వేలు మిగులుతాయి. అలల కోసం పెట్టెలోపల వేరే చిన్న ఫ్యాన్లు రెండున్నాయి, ఆ పని పెద్ద మోటారుతో చేయించకూడదు. కడ్డీ ఇనుముది కాకుండా పింగాణీది ఉండాలి. పైపు ముప్పావు అంగుళం కాదు, ఒక అంగుళం. ఒక్కొక్క ఎల్బో అడుగు ఎత్తుతో సమానం, అందుకని నిలువు వంపు వద్దు, ఏటవాలు వంపులు రెండు వేయి. తీసి కడుక్కోవడానికి యూనియను పెట్టు.

ఇందులో నాకు తెలియనిది పింగాణీ కడ్డీ ఒక్కటే. మిగతాదంతా దాసన్న మేస్త్రి చెప్పిందే, అంకెలే చిన్నవి. ఇద్దరం మళ్లీ ఒకే పైపు గురించి వాదులాడుకుంటున్నామని నాకు లోపల ఎంత సంతోషంగా ఉండిందో. ముప్పై అయిదేళ్లయింది అట్లా వాదించుకుని.

“చివర్న ఒక మాట” అన్నాడు. “పైన నీళ్లు పడే పైపుకు, నీటిమట్టానికి ఒక వేలు కింద చిన్న బెజ్జం వెయ్యి. కరెంటు పోతే మోటారు ఆగుతాది, పైన నీళ్లు అదే పైపులో వెనక్కి దిగుతాయి. మట్టం బెజ్జం దాకా దిగితే గాలి దూరి ఆగిపోతాది. లేదంటే కింద తొట్టి పొర్లి ఇల్లంతా సముద్రమే.”

“బెజ్జమా? పైపుకా?”

“పైపుకే.”

“ఏమప్పా గాబ్రియేలూ, నీళ్లు వెనక్కి దిగకుండా వాల్వు పెట్టేది పోయి, పైపుకు బెజ్జం పెట్టమంటావా? మేస్త్రి ఉండింటే...”

“మేస్త్రి సముద్రం చూడలేదు. వాల్వులో పాచి పట్టి ఎప్పుడో ఒకప్పుడు మోసం చేస్తాది. బెజ్జం మోసం చెయ్యదు. లోహం ఏదీ నీళ్లకు తగలనీయొద్దు, మర్చిపోవద్దు.”

సరే అన్నాను.

చెన్నై షాపువాడికి క్రిస్టినా ఫోన్లో డబ్బులు పంపింది. మోటారు ఆర్టీసీ కార్గోలో మర్నాడు పొద్దున్నే దిగింది. డబ్బా విప్పితే టెంకాయంత ఉంది. నా జీవితంలో అంత ముద్దొచ్చే మోటారును చూడలేదు. పైపులు కోసి, అంచులు గీరి, జిగురు పూసి ఒక్కొక్కటీ అతికించాను. ఏటవాలు వంపులు రెండూ వేశాను, యూనియను వేశాను. అన్నీ చెప్పినట్టే చేశాను. చివరికి డ్రిల్లింగు మిషను చేతిలోకి తీసుకొని, పైన పైపు ముందు నిలబడ్డాను.

చేయి రాలేదు. ఇది మీకు నవ్వులాటగా ఉంటుంది. కాని నలభై నాలుగేళ్లుగా పైపులో బెజ్జాలు మూస్తూ బతికినవాణ్ని. వాటికి ట్యూబు చుట్టి, లక్క పూసి, సబ్బు కుక్కి, ఒకసారి తాటిచెర్ల దగ్గర రాత్రంతా బొటనవేలు అడ్డం పెట్టి కూర్చున్నవాణ్ని. మంచి కొత్త పైపుకు నా చేత్తో నేనే తూటు పొడవడం నాకు చేతకాలేదు.

నా పెట్టెలో గన్‌మెటల్ వాల్వు ఒకటి ఉంది. ఒక అంగుళందే. గాబ్రియేలు అండమాను పోయే ముందు మేమిద్దరం చివరిసారి కలిసి పని చేసిన తోటలో తీసింది. ఇత్తడి రంగు, బరువు, లోపల రెక్క ఇప్పటికీ టక్కున మూసుకుంటుంది. లోహం వద్దన్నది తుప్పుకు భయపడి కదా, గన్‌మెటల్ తుప్పు పట్టదు, ఓడల్లోనే వాడతారు అని నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమతోనే బిగించాను. నిమ్మకాయతో తోమి, బంగారంలా మెరిపించి, కింద అరలో, ఎవరికీ కనబడనిచోట బిగించాను.

స్విచ్చి వేశాను. పైపులో గుర్రుమని గాలి పోయి, నీళ్లు పైకెక్కాయి. పెట్టెలో పడ్డాయి.

“పడ్తాండాయి!” అని అరిచాను.

“తాగినావా?” అని లోపలి గదిలోంచి కేక.

మా పనిలో అదొక ఆచారం. ఏ బోరులో తొలిసారి నీళ్లు పడినా రైతు టెంకాయ కొట్టి, తొలి దోసిలి మెకానిక్కు చేతనే తాగిస్తాడు. దోసిలి పట్టి ఒక గుక్క తాగాను. థూ అని వాష్‌బేసిన్లో ఉమ్మేస్తే క్రిస్టినా నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. అతను తల కదపకుండా నవ్వడానికి నానా తిప్పలు పడ్డాడు.

“బెజ్జం వేసినావా?”

“వేసినా.”

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట.

మధ్యాహ్నం కరెంటు పోయింది. కింద వాల్వు టక్కున మూసుకుంది, ఒక్క చుక్క వెనక్కి దిగలేదు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మోటారు బిగించిన రోజుతో కలిపి మూడు రోజులు నా బతుకులో మంచి రోజులు. పొద్దున షాపు తెరవకముందు ఒకసారి, సాయంత్రం మూసినాక ఒకసారి పోయేవాణ్ని. పెట్టె ముందు స్టూలేసుకొని చూసి, వచ్చి మంచం పక్కన చతికిలబడి చూసిందంతా చెప్పేవాణ్ని. చేప ఏ వేలి సందులో పడుకుంది, ఏ నత్త ఎక్కడిదాకా ఎక్కింది, గొడుగు ఏ వైపుకు వాలింది. అతను ఊఁ కొట్టేవాడు. మధ్యలో పాత సంగతులు దొర్లేవి. బావిలో పాము కనబడి నేను పైపు పట్టుకొని కోతిలా పైకి పాకింది, పెండ్లివారి ఇంట చెడిన మోటారు బాగు చేస్తే మా ఇద్దరికీ రెండేసి విస్తళ్లు వేసింది. బతికినంతకాలం నేను నేల కింది నీళ్లే చూసినా గాబ్రియేలూ అంటే, అవును, నువ్విప్పుడు మొదటిసారి నీళ్ల లోపల చూస్తాండావు అన్నాడు. నిజమే. నాకు ఆ పెట్టె మీద ఆశ పుట్టింది. షాపులో కూర్చున్నా అదే గుర్తొచ్చేది.

నాలుగో రోజు పొద్దున ఇసుకలో రెండు నత్తలు వెల్లకిలా పడి ఉన్నాయి. తిప్పి పెట్టాను. సాయంత్రానికి ఆరు పడ్డాయి. ఎండ దెబ్బ అనుకొని ఐసు సీసాలు వేశాం. అయిదో రోజు గొడుగు వేళ్లన్నీ లోపలికి లాక్కొని ముడుచుకుపోయింది. అంచుల్లో నల్లగా, మెత్తగా కరుగుతోంది. చేప దాని చుట్టూ తిరుగుతోంది తప్ప లోపలికి పోవడం లేదు.

పెరట్లోకి పోయి చెన్నై షాపువాడికి ఫోన్ చేశాను. అతను మొదట అడిగిన మాటే ఇది.

“నీళ్లలో ఎక్కడైనా ఇత్తడి, రాగి, గన్‌మెటల్ ఉన్నాయా చూడండి సార్.”

“ఉంటే?”

“వాటన్నిట్లో ఉండే రాగి ఉప్పునీళ్లలో కరుగుతుంది సార్. చేపలు కొన్నాళ్లు తట్టుకుంటాయి. నత్తలూ పగడాలూ తట్టుకోవు. అది వాటికి విషం.”

ఫోను పెట్టేసి అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాను, క్రిస్టినా వచ్చి ఏమైందని అడిగేదాకా. ఆమెకు దాచలేదు. నేనే చంపినా వదినా అని చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“ఇప్పుడు ఈయప్పకు చెప్పొద్దు సుంకన్నా. ఏడుస్తాడు. ఏడిస్తే కంటికి దెబ్బ. పదో పొద్దు దాకా ఓర్చుకో. తర్వాత నీ ఇష్టం” అంది.

అప్పటికప్పుడు వాల్వు విప్పేశాను. డ్రిల్లింగు మిషను తీసుకొని, మట్టానికి ఒక వేలు కింద, పైపుకు బెజ్జం వేశాను. ఈసారి చేయి ఆగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కరలేదు. శుద్ధి చేసిన క్యాను నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి రోజూ పావు పెట్టె నీళ్లు మార్చాను. షాపువాడు చెప్పిన బొగ్గు తెప్పించి వేశాను. చేప నిలిచింది. నత్త ఒక్కటీ మిగల్లేదు. గొడుగు రోజుకింత కరిగిపోయింది. ఎనిమిదో రోజు రాతి మీద మరకలాగా మిగిలిన దాన్ని తట్టలోకి తీసి, పెరట్లో బొప్పాయి చెట్టు కింద పూడ్చాను. క్రిస్టినా మూడు పూటలా ఫినాయిలు వేసి ఇల్లు తుడిచింది.

ఆ అయిదు రోజులూ మంచం పక్కన చతికిలబడి నేను చెప్పిన అబద్ధాలు లెక్కలేదు. “గొడుగు ఈ పొద్దు బాగా విచ్చుకునిండాది.” “నత్త ఒకటి పైదాకా ఎక్కి మూత తగిలి కింద పడె.” మొదటి రోజు నాలుక మడత పడింది. మూడు రోజులకల్లా నేను చెప్పేది నాకే కనబడటం మొదలయింది. వేళ్ల కొసలు ఎట్లా మెరుస్తున్నాయో, చేప వాటి మధ్య దొర్లి ఎట్లా నిద్రపోతోందో కూడా చెప్పాను. అతను ఊఁ, ఊఁ అనేవాడు. ఇంకా చెప్పు అనేవాడు. ఇంటికి పోయి నా మొఖం నేను చూసుకోలేకపోయేవాణ్ని. మోటారు కాలితే చుట్టి ఇస్తాను, బోరు చెడితే ఇంకొకటి వేస్తారు. పదకొండేళ్లు పెరిగిన దాన్ని ఏ షాపులో కొని తెచ్చేది?

పదో రోజు పొద్దున్నే పోయాను. ముందురోజే ఆ తెగిన చెప్పులు పక్కన పెట్టి కొత్త జత కొనుక్కున్నాను, ఎందుకో తెలియదు. ఆస్పత్రివాళ్లు చెప్పినట్టు క్రిస్టినా అతన్ని మెల్లగా లేపి కూర్చోబెట్టింది. మొఖమంతా తువ్వాలు అచ్చులు పడి ఉంది. తల ఎత్తాడు. క్రిస్టినా వైపు తిరిగాడు.

“క్రిస్టినా, నీ ముందరి ఎంటికలు నెరిసినాయి” అన్నాడు.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. యేసయ్యా అంటూ ఏడ్చింది. నాకూ కన్నీళ్లు వచ్చాయి, దాచుకోలేదు.

“అంతా కాదు. సగం దాకా కనపడ్తాండాది. మధ్యలో నీళ్ల గీత మాదిరి ఒకటి అడ్డంగా ఊగుతాండాది. గీత పైన బాగుండాది, కింద అంతా మసక. బుడగ కరిగేదాకా అంతేనని డాక్టరు చెప్పినాడు లే” అన్నాడు.

చెయ్యి పట్టుకొని ముందుగదికి నడిపించి పెట్టె ముందు కూర్చోబెట్టాను. దీపం వెలుగుతోంది. పైపులోంచి నీళ్లు పడుతున్నాయి. ఎర్రచేప పైకి వచ్చి అద్దం దగ్గర నిలబడింది. పైసగంలో అంతా అందంగానే ఉంది. గొడుగు ఉండే రాయి అడుగున ఉంది, అతని గీత కింద. అతనికి కనబడదు. ఇంకో వారమో పది రోజులో కనబడదు. ఆలోపల చెన్నైకి పోయి, అట్లాంటిదే ఒకటి ఎట్లాగైనా తెచ్చి అక్కడ అతికించవచ్చు అని, నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం అనుకున్నాను.

“గాబ్రియేలూ” అన్నాను. “గొడుగు లేదు. నత్తలూ లేవు. నేను బెజ్జం వెయ్యకుండా గన్‌మెటల్ వాల్వు పెట్టినా. విషం దిగి చచ్చిపాయ. అయిదు రోజులుగా నీకు చెప్పిందంతా అబద్ధం.”

చేప వైపే చూస్తూ అన్నాడు. “ఆపరేషను కంటికి చేసినారప్పా, ముక్కుకు కాదు. అది చచ్చిన కంపు నాకు తెలీదా? అండమాన్లో ఎండిన పగడాల పక్కనే కదా ఇరవై రెండేండ్లు పండుకునింది. ఆరో పొద్దే తెలిసిపాయ.”

అతనికి ఎదురుగా పోయి నిలబడ్డాను.

“మరి ఏంటికి అడగలేదు? ఏంటికి తిట్టలేదు?”

“తిట్టల్లనే ఉండె. ఆరో పొద్దు నువ్వు వచ్చి కూర్చుంటివి, నోరు తెరిచినా కూడా. ఇంతలో నువ్వు చెప్పేది మొదలు పెడ్తివి. గొడుగు ఎట్ల విచ్చుకునిందో చెప్తివి.” చెయ్యి చాచి అద్దం మీద పెట్టాడు. “రాత్రింబగళ్లు బండలు చూస్తా పండుకున్నోన్ని సుంకా. కన్ను వస్తాదో రాదో తెలీదు. నాకు మిగిలిన గొడుగు అదొక్కటే. అడిగితే నువ్వు అదీ ఆపేస్తావు.”

అతని ముందు నేల మీద కూర్చున్నాను. మోకాళ్ల మీద తల పెట్టుకొని ఏడ్చాను. అరవై ఒక్క ఏళ్లవాణ్ని, సిగ్గు లేకుండా ఏడ్చాను. అతను నా వీపు మీద గట్టిగానే ఒకటి చరిచాడు, దాసన్న మేస్త్రి స్పానరు కంటే గట్టిగా. తర్వాత చెయ్యి అక్కడే ఉంచాడు.

“పదకొండేండ్ల చెట్టు రా” అన్నాడు. ఆ మాటంటూనే తువ్వాలు కంటికి ఎత్తబోయాడు.

ఏడవొద్దు, ఏడవొద్దు అని క్రిస్టినా అతని గడ్డం పట్టుకుంది. అతను కన్ను మూసుకున్నాడు. మూసుకునే అడిగాడు.

“ఆ రాయి ఎట్లుండాది? ఉన్నది ఉన్నట్లు చెప్పు.”

తల ఎత్తి చూశాను. “ఖాళీగా ఉండాది. గొడుగు ఉన్నచోట తెల్లగా గుండ్రంగా మరక పడిండాది.”

“ఊఁ.”

“చేప కిందికి దిగింది. మరక పక్కన్నే తిరుగుతాండాది. పండుకునేకి చోటు వెతుక్కుంటాండాదేమో.”

“ఊఁ. ఇంకా చెప్పు” అన్నాడు.